వెనక్కి చూడని గుబురుపతి

ఒక అడవి ఉండేది. చిన్నాచితకా అడవి కాదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే, ఆ చివరివాళ్ళు చిరంజీవ అనేసరికి తుమ్మినవాడికి జలుబే తగ్గిపోయి ఉండేది.

అంత అడవికీ గుబురుపతి అనే ఎలుగుబంటి పెద్ద. దొడ్డిదారిన వచ్చినవాడు కాదు, ఎన్నికల్లో గెలిచినవాడే. అక్కడ ఓటంటే అభ్యర్థి వెనకాల వెళ్ళి నిలబడటం. మొహాలు చూస్తే మొహమాటం పుడుతుందని, అభ్యర్థి వెనక్కి తిరగకూడదని నియమం పెట్టుకున్నారు. గెలిచాక కూడా అంతే. పెద్ద అయినవాడు జనానికి వీపు పెట్టే మాట్లాడాలి. వెనక్కి తిరిగి చూశాడా, పదవి పోయినట్టే. ముత్తాతల నాటి నుంచీ ఎవరూ చూడలేదు, ఎవరి పదవీ పోలేదు. నియమం అంత బాగా పనిచేస్తోందన్నమాట.

ఆ అడవిలోనే కనకాంగి అనే గోరువంక ఉండేది. ఏ గొంతైనా ఒకసారి వింటే చాలు, అచ్చం దింపేసేది. దాని మొగుడు పున్నయ్య. మద్దిచెట్టు తొర్రలో కాపురం పెట్టి, గుడ్లు పొదుగుకుంటూ వాళ్ళ మానాన వాళ్ళుండగా యుద్ధం వచ్చిపడింది.

ఎందుకు వచ్చిందంటారా? ఏటికి అవతల ఇంకో అడవి, అందులో ఒక కొండచరియ, దాని నిండా తేనెపట్లు. గుబురుపతి ఒకనాడు అటుకేసి చూసి నిట్టూర్చాడు.

"ఆ తేనెటీగలవి ఎంత బానిస బతుకులో చూడండి. పొద్దస్తమానం చాకిరీయే. వాటికి విముక్తి కలిగించకపోతే మనం మృగాలమేనా?" అన్నాడు, మూతి నాక్కుంటూ.

దండు బయల్దేరింది. పందులు వెళ్ళాయి, దుప్పులు వెళ్ళాయి, వార్తలు మోయడానికి పిట్టలు వెళ్ళాయి. ఎలుగుబంట్లకి మాత్రం సరిగ్గా ఆ వారమే నడుం పట్టేసింది, పాపం. పున్నయ్యకి పట్టేసే నడుమెక్కడిది, వెళ్ళిపోయాడు.

తేనెటీగలకి తమకి విముక్తి వస్తోందని ఎవరూ చెప్పినట్టు లేదు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే కుట్టాయి. కొందరు వాచిన మొహాలతో తిరిగొచ్చారు, కొందరు రానేలేదు. ఇక్కడ తొర్రలో గుడ్లు పిల్లలయ్యాయి. రెండు నోళ్ళు, తెచ్చిపెట్టేది ఒక్క ముక్కు. కనకాంగి సగమైపోయింది. పిల్లలు గూడు దాటేలోగా వాళ్ళ నాన్న వస్తే చాలు, ఇంకేమీ వద్దనుకునేది.

అడవి కుతకుతలాడుతోంది. అప్పుడు ప్రచార మంత్రి సుముఖరావు, అంటే నక్క, మద్దిచెట్టు కిందికి వచ్చాడు.

"అమ్మా కనకాంగీ, రేపు సభ ఉంది. దొరవారికి ఎలాగూ వెనకాల ఎవరున్నారో కనబడదు, వినబడితే చాలు. నీకు ఊరందరి గొంతులూ వచ్చుగా? నాలుగు జేజేలు కొట్టు. సభ రక్తి కడితే మీ ఆయన్ని పిలిపించే పూచీ నాది."

తప్పని తెలుసు. కానీ పిల్లల నోళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ సాయంత్రమంతా తొర్రలో కూచుని జేజేలు సాధన చేసింది.

మర్నాడు గుబురుపతి జనానికి వీపు పెట్టి, కొండతో మాట్లాడుతున్నట్టు ఉపన్యాసం మొదలుపెట్టాడు. వెనకాల బురదమ్మ లేచింది. పెద్ద కొడుకుని అవతలిగట్టున పోగొట్టుకున్న అడవిపంది ఆవిడ. "నా కొడుకేడయ్యా?" అని అరిచింది. దుప్పులూ గొంతు కలిపాయి. ఆ అరుపులు ఎలుగుబంటి చెవిన పడేలోగానే, నెత్తిమీది కొమ్మలోంచి జేజేలు మిన్నుముట్టాయి. దుప్పి గొంతుతో, కొండముచ్చు గొంతుతో, ఆఖరికి బురదమ్మ గొంతుతో కూడా "జై గుబురుపతి!"

దొరవారు పొంగిపోయారు. "నా ప్రజలకి ఇంత ఉత్సాహం ఉందని తెలియక యుద్ధం ఆపేద్దామా అనుకుంటున్నాను. ఇంకో దండు పంపుదాం."

ఆ దండులో బురదమ్మ రెండో కొడుకు వెళ్ళాల్సి వచ్చింది.

కనకాంగి నక్క దగ్గరికి పరిగెట్టింది. "మరి మా ఆయన?"

"ఎలాగమ్మా? నీ జేజేలు విని దొరవారు యుద్ధం పెంచేశారు. యుద్ధం మధ్యలో సైనికుణ్ణి పిలిపిస్తే బాగుంటుందా?" అన్నాడు సుముఖరావు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు.

తిరిగొచ్చేసరికి చెట్టుకింద బురదమ్మ నిలబడి ఉంది. తిట్టలేదు. "మీ ఆయన కోసం చేశావు, అర్థమవుతుంది. కానీ నీ గొంతుతో కొట్టుకోవలసింది పిల్లా, జై. నా కొడుకుని నా గొంతుతోనే పంపించావు," అంది.

కనకాంగికి తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. "అక్కా, ఇంకొక్కసారి నీ గొంతు అప్పివ్వు. ఈసారి అడిగి తీసుకుంటున్నాను," అంది.

తరవాతి సభలో కొమ్మలోంచి కొత్త జేజే వినబడింది. "దొరవారే ముందు నడవాలి! అడవంతా వెనకాల వస్తుంది!" అన్నది బురదమ్మ గొంతు. దుప్పుల గొంతులన్నాయి, కొండముచ్చుల గొంతులన్నాయి. గుబురుపతి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు గానీ, అంతమంది అడుగుతుంటే నొప్పి అనడానికి నోరు రాలేదు. అభిమానం ముంచెత్తితే అంతే మరి.

బయల్దేరాడు. వెనకాల నిజంగానే అడవంతా కదిలింది. మొదటి మలుపులో దుప్పులు ఆగిపోయాయి. చింతతోపు దగ్గర కొండముచ్చులు చెట్లెక్కాయి. సుముఖరావుకి వెనక్కి చూసే వెసులుబాటు ఉంది కనక చూశాడు. ఏటిగట్టు చేరేసరికి బురదమ్మ ఒక్కతే మిగిలింది, తననే చూస్తోంది. మంత్రిగారికి ఉన్నపళంగా కడుపులో నొప్పి వచ్చి పొదలోకి వెళ్ళాడు. ఇప్పటికీ రాలేదు.

ఏరు దాటుతూ గుబురుపతి, "అందరూ ఉన్నారా?" అన్నాడు. వెనకాల ఎగురుతున్న కనకాంగి నోట వంద కాళ్ళు నీళ్ళు తొక్కిన చప్పుడూ, జేజేలూ వచ్చాయి. అలా కొండచరియ దాకా వెళ్ళి, తేనెపట్ల కింద నిలబడి, "విముక్తి తెచ్చాం! పదండిరా!" అని చెయ్యి ఊపాడు.

కనకాంగి నోరు మూసుకుంది.

ఎవరూ పదలేదు. ఒక్క జై కూడా లేదు. గాలి చప్పుడు, ఆపైన తేనెటీగల చప్పుడు. వెనక్కి తిరిగి పరిగెడితే ప్రాణం దక్కుతుంది, పదవి పోతుంది. తిరగకపోతే పదవి దక్కుతుంది, మూతి పోతుంది. గుబురుపతి ఎంతైనా రాజకీయం తెలిసినవాడు. మొహం తేనెటీగలకి అప్పగించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఏరు దాటి, ఇవతలి గట్టెక్కాడు.

ఈలోగా గట్టుకి చేరుకున్న అడవంతా అక్కడ నిలబడి ఉంది.

"నా వెనకాల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు, వాచిన పెదాలతో.

"నేనున్నానండి, కనకాంగిని," అంది గోరువంక, సొంత గొంతుతో.

"జనమేరీ?"

"ఇక్కడే ఉన్నారు. ఏరు దాటనే లేదు."

"మరి ఆ జేజేలు?"

"అవీ నేనేనండి. మొదటినుంచీ."

ఎలుగుబంటి అవతలిగట్టు వైపు నుంచి మొహం తిప్పలేదు. గొంతు సవరించుకుని, "తేనెటీగలకి సంపూర్ణ విముక్తి కలిగింది. దండు ఇళ్ళకి వచ్చెయ్యవచ్చు," అని ప్రకటించాడు.

బురదమ్మ రెండోవాడు కుంటుకుంటూ వచ్చాడు. పున్నయ్య ఒక రెక్క సగం ఊడి, చెట్టు మీదికి ఎగరలేక గెంతుకుంటూ ఎక్కి తొర్రలోకి తొంగిచూశాడు. రెక్కలు వచ్చేసిన పిల్లలు కొత్తమొహాన్ని చూసి, తమకి వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాయి.

"జై గుబురుపతి!"

పున్నయ్య పెళ్ళాం మొహంలోకి చూశాడు. కనకాంగి ఏడుస్తూ, "మీరొచ్చారుగా, ఇంక నాన్న అనడం నేర్పుతాను," అంది.

గుబురుపతి వెనక్కి చూడలేదు కాబట్టి ఇప్పటికీ ఆయనే పెద్ద. రోజూ కొండకేసి తిరిగి ఉపన్యాసం ఇస్తాడు. వెనకాల ఎవరి పని వాళ్ళు చూసుకుంటూ ఉంటారు.

ఇందులో నీతి: ఏలేవాళ్ళు ఎన్నడూ వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే జనానికి ఇళ్ళకి పోయే వీలు చిక్కదు.