న్యా హిగినియా బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

మానవజాతి ఇంతవరకు తేల్చుకోలేకపోయిన ప్రశ్నలు మూడున్నాయి. దేవుడున్నాడా? చచ్చాక ఏమవుతాం? కొత్త పికప్‌కు ఎన్ని కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆయిల్ మార్చాలి? మొదటి రెండింటి మీద మా లగూనా మొరోతీలో పెద్ద గొడవలేమీ లేవు. (పాద్రిగారు రెండు నెలలకోసారి వస్తారు. వచ్చినప్పుడు ఆయన మాటే ఖాయం, వెళ్ళాక ఎవరిష్టం వారిది.) మూడో ప్రశ్న మాత్రం కిందటేడు ఊరిని రెండుగా చీల్చింది. ఆ వ్యవహారంలో నేనూ వెనక సీట్లో కూర్చుని పాల్గొన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బండి న్యా హిగినియాది. (మా వైపు పెద్దవాళ్ళని గౌరవంగా ఆడవాళ్ళయితే న్యా అనీ, మగవాళ్ళయితే దోన్ అనీ పిలుస్తాం.) యాభై ఏడేళ్ళ మనిషి, భర్త పోయి పదకొండేళ్ళు. ఇంట్లో చీజు తయారుచేసి చుట్టుపక్కల పశువుల కొట్టాలవాళ్ళకీ, విల్యా ఎస్తేరో పట్నంలో దుకాణాలకీ అమ్ముతుంది. ముప్ఫయ్యేళ్ళు గుర్రబ్బండి మీద తోలిన చీజు చివరికి ఒక తెల్లటి డీజిల్ పికప్ అయింది. అది ఊళ్ళోకి వచ్చిన రోజున ఆమె మరిది దోన్ సిందుల్ఫో దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ తియ్యమన్నాడు. నలభై ఏళ్ళుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్న చేతులు అవి. కానీ బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో పద్నాలుగో పేజీ ప్రకారం అధీకృత సిబ్బంది కానివాళ్ళు బానెట్ తెరిస్తే వారంటీ రద్దవుతుంది. ఆ పేజీ చూపించింది హిగినియా. సిందుల్ఫో వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆయిల్ విషయంలో ఆ బండికి నాలుగు ప్రభుత్వాలున్నాయి. ఇంజన్ తయారుచేసినవాళ్ళ పుస్తకం పదివేల కిలోమీటర్లంది. బండి అమ్మిన కంపెనీ వారంటీ పుస్తకం అయిదువేలు, లేదా ఆరు నెలలు, ఏది ముందొస్తే అది అంది. స్టీరింగు వెనకాల పసుపుపచ్చ దీపం తనకు తోచినప్పుడు వెలిగేది. నాలుగోవాడు సిందుల్ఫో. పాత బండ్లలో ఆయిల్ కొలిచే కడ్డీని బయటికి లాగి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, కాసేపు ఆకాశం కేసి చూసి "ఇంకా ఉంది" అనేవాడు. ఆయన "ఇంకా ఉంది" అన్న ఇంజన్ ఏదీ ఇంతవరకు ఆయన మాట తీసెయ్యలేదు. అయితే ఆయన దగ్గర రబ్బరు ముద్ర లేదు.

ముద్ర ఉన్నది కంపెనీ దగ్గర. కంపెనీ ఉన్నది రాజధాని ఆసున్సియోన్‌లో, మాకు మూడువందల ఎనభై కిలోమీటర్ల దూరంలో. మొదటి పరీక్ష వెయ్యి కిలోమీటర్లకే. కొని ఇంటికి తెచ్చేసరికి మూడువందల ఎనభై అయ్యాయి. తిరిగి అక్కడికి చేరడానికి ఇంకో మూడువందల ఎనభై పక్కన పెట్టాలి. అంటే తనకంటూ రెండువందల నలభై కిలోమీటర్లు తిరిగేసరికి హిగినియా మళ్ళీ రాజధాని దారి పట్టాల్సి వచ్చింది. పట్టింది. ముద్ర వేయించుకుంది. అయిదువేలకీ, పదివేలకీ కూడా వెళ్ళింది. పుస్తకంలో మూడు ముద్రలు, మూడూ గడువులోపే. ఆ పేజీలు ఆమె నాకు చూపించినప్పుడు నా బడిలో ఏ పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డూ అంత నిండుగా లేదని ఒప్పుకున్నాను.

పదిహేను వేల దగ్గర వచ్చింది చిక్కు. ముందుగా కంపెనీ యాప్‌లో తేదీ తీసుకోవాలి. మా ఊళ్ళో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు నిచ్చెన పదహారో మెట్టు మీద దొరుకుతుంది. హిగినియా ఎక్కింది, నేను నిచ్చెన పట్టుకున్నాను. ఖాళీ ఉన్న తేదీ మూడు వారాల తరువాత అని వచ్చింది. అప్పటికి మీటరు పద్నాలుగు వేల అయిదువందల అరవై దగ్గర ఉంది. రాజధాని చేరేసరికి పద్నాలుగు వేల తొమ్మిదివందల నలభై అవుతుంది. ఈ మూడు వారాలూ బండి కదలకపోతే అరవై కిలోమీటర్లు మిగులుతాయి.

కాబట్టి బండి కదలలేదు. హిగినియా దాని మీద టార్పాలిన్ కప్పి, పాత గుర్రాన్ని కట్టి, చీజు మళ్ళీ గుర్రబ్బండి మీద తోలడం మొదలుపెట్టింది. దారిలో అడిగినవాళ్ళకు పికప్ విశ్రాంతిలో ఉందని చెప్పేది. సిందుల్ఫో రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి, చల్లటి తెరెరె ఆకు కషాయం గొట్టంతో పీలుస్తూ ఒక మాట అనేసి పోయేవాడు.

"తిప్పకపోతే ఆయిల్ పాడవదు, నిజమే వదినా. కానీ టైర్లు దొర్లడం మర్చిపోతాయేమో చూసుకో."

పది రోజులు గడిచాయి. వాన మొదలైంది. మూడో రోజు పొద్దున్న పక్కింటి విల్ఫ్రిదో బురదలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని భార్య నిమియాకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక్కడ తన వల్ల కాదనీ చెప్పేసింది.

హిగినియా టార్పాలిన్ లాగి అవతల పారేసింది. ఆమె మీటరు కేసి చూడలేదు. నేను చూశాను, మేస్టరు బుద్ధి. నిమియాను వెనక సీట్లో పడుకోబెట్టి, తల విల్ఫ్రిదో ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో పెట్టాం. మొత్తం నలుగురం. విల్యా ఎస్తేరో మామూలు దారిన నూటపది కిలోమీటర్లు. కానీ వానపడితే మట్టిరోడ్డుకు అడ్డుగొలుసు వేస్తారు, రోడ్డు చెడిపోకుండా. (మనుషులు చెడిపోకుండా వేసే గొలుసు ఇంకా ఏ శాఖా కనిపెట్టలేదు.) గొలుసు కాపలాదారు గొడుగు కింద నుంచి వంగి నిమియాను చూసి, గొలుసు దించుతానన్నాడు గానీ, ముందర వాగు పొంగి ఉంది, దించినా పోలేరన్నాడు. అందుకని కంచెలు వేసిన పశువుల బీళ్ళ మధ్య నుంచి చుట్టుతిరిగి నూటడెబ్బయ్ రెండు కిలోమీటర్లు పోయాం. ప్రతి బీడుకీ ఒక గేటు. మూసిన గేటు తీసి, తీసిన గేటు మళ్ళీ మూసే పని నాది. పంతొమ్మిది గేట్లు. దారంతా నిమియా ఒక్కసారే మాట్లాడింది.

"న్యా హిగినియా, మీ బండి పాడైపోతుందేమో."

"నువ్వు నోర్మూసుకుని గాలి పీల్చు" అంది హిగినియా.

ఆసుపత్రి గుమ్మంలో నర్సు గర్భిణి పరీక్షల పుస్తకం అడిగింది. విల్ఫ్రిదో ఖాళీ జేబులు తడుముకున్నాడు. హిగినియా కంగారులో సంచిలో చెయ్యి పెట్టి, చేతికి దొరికిన పుస్తకం ఇచ్చింది. నర్సు గబగబా పేజీలు తిప్పి, మూడు పరీక్షలు, మూడూ సమయానికే, ఇంత క్రమంగా చూపించుకున్న తల్లిని ఈ ఏడు చూడలేదని మెచ్చుకుంటూనే నిమియాను లోపలికి తోసుకుపోయింది. తరువాత డాక్టరు ఆ పుస్తకం తెరిచి, తల్లికి ఫిల్టరు ఎందుకు మార్చారని అడిగారు. అప్పుడు తెలిసింది అది ఎవరి పుస్తకమో. నిమియాకు పుస్తకమే లేదు. ఇన్ని నెలల్లో మా ఊరికి డాక్టరు రాలేదు, ఆమె డాక్టరు దగ్గరికి పోలేదు.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. మేం ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. హిగినియా చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. లోపల్నుంచి ఏడుపు వినిపించాక గానీ ఆమె వేళ్ళు వదులు కాలేదు. మగపిల్లవాడు. ఎలియోదోరో అని పెట్టారు. నాలుగో రోజుకి రోడ్డు ఆరింది. మామూలు దారిన నూటపది కిలోమీటర్లు, మెల్లగా, అయిదుగురం ఇంటికి చేరాం.

ఆ మరుసటి వారం హిగినియా తేదీ ప్రకారం రాజధానికి వెళ్ళింది. మాటసాయానికి నన్నూ రమ్మంది. కంపెనీ వాకిట్లో మీటరు పదిహేను వేల రెండువందల ఇరవై రెండు. గడువు దాటాక రెండువందల దాకా మన్నిస్తారు. ఇరవై రెండు ఎక్కువ.

మమ్మల్ని వారంటీ పరిరక్షణ ఉపసంఘం కార్యదర్శి, లిసెన్సియాదో (అంటే పట్టా పుచ్చుకున్నవారు) ఫుల్హెన్సియో బరేయిరో గారి గదికి పంపారు. మృదువైన మనిషి. హిగినియా తెచ్చిన చీజు ముక్కను వద్దనలేదు. ఆలస్యానికి కారణం తెలిపే ఫారంలో మూడు గళ్ళున్నాయి: విహారం, వ్యాపారం, ఇతరములు. హిగినియా ఇతరములు దగ్గర గీత పెట్టి, ఎలియోదోరో జనన ధ్రువపత్రం జతచేసింది. ఉపసంఘం అరగంట సమావేశమైంది. (ఉపసంఘంలో మిగతా సభ్యుల నియామకం ఇంకా జరగనందున లిసెన్సియాదో గారొక్కరే సమావేశమయ్యారు.)

నిర్ణయం ఆయనే చదివి వినిపించారు. ప్రసవం ఆకస్మిక ఘటన కిందికి రాదు, దానికి తొమ్మిది నెలల ముందే సూచన ఉంటుంది. పైగా వాహనం వెళ్ళేటప్పుడు నలుగురు, వచ్చేటప్పుడు అయిదుగురు. ప్రయాణం మధ్యలో బరువు పెరిగింది, అదనపు ప్రయాణికుడు ఎక్కడ ఎక్కాడో వివరం లేదు.

"వెళ్ళేటప్పుడూ వాడు లోపలే ఉన్నాడయ్యా" అంది హిగినియా.

లిసెన్సియాదో గారు కలం తీసి, అయితే వెళ్ళేటప్పుడే అయిదుగురని దిద్దుకున్నారు. దుమ్ము, బురద, ఎండ, ఎక్కువ దూరాలు, తక్కువ దూరాలు, రెండు వారాలు కదలకుండా ఉండటం, ఇవన్నీ కఠిన వినియోగమే అన్నారు. మరి మామూలు వినియోగం అంటే ఏమిటని నేను అడిగాను. ఆయన కాసేపు నిజాయితీగా ఆలోచించి, అద్దం వెనక షోరూములో నిలబెట్టిన బండిని చూపించారు.

చివరికి ఆయన జాలిపడి ఒక దారి చూపారు. బండిని అతి కఠిన వినియోగం తరగతిలోకి మారిస్తే వారంటీ బతుకుతుంది. కాకపోతే ఆ తరగతిలో ప్రతి ఏడువందల కిలోమీటర్లకూ ఆయిల్ మార్పించుకోవాలి, ఇక్కడే.

హిగినియా వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పోవడానికి మూడొందలెనభై, రావడానికి మూడొందలెనభై. అంటే ఇంటికెళ్ళి తిరిగి మీ గుమ్మం తొక్కేలోపే గడువు దాటిపోతుంది కదయ్యా."

"కస్టమర్లు మాకు దగ్గరగా ఉండాలన్నదే కంపెనీ ఆశయం" అన్నారు లిసెన్సియాదో గారు.

ఆమె కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం పుస్తకం బల్ల మీద పెట్టి, చీజు సంచి భుజానికి తగిలించుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, చిన్న గొంతుతో, అధికారిని కాకుండా మనిషిని అడిగినట్టు అడిగింది.

"నాయనా, ఉద్యోగం పక్కన పెట్టి చెప్పు. నిజంగా ఎప్పుడు మార్చాలి?"

ఆయన తలుపు కేసి చూశారు. ఎవరూ లేరు. "మంచి ఆయిల్ పదివేల దాకా ఏం కాదమ్మా. మీ దుమ్ములో అయితే కాస్త ముందు. పాడయ్యేది ఆయిల్ కాదు, గడువు" అన్నారు. తరువాత ఆ మాట తాను అనలేదని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

పాత ఆయిల్‌తోనే ఇంటికొచ్చాం. దారిలో ఆమె ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది. దుమ్ము అంది. అద్దాలు ఎత్తే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న ఆమే సిందుల్ఫో ఇంటికి వెళ్ళి బానెట్ తీయమంది. ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని మరీ వచ్చాడు. కడ్డీ లాగాడు, రుద్దాడు, వాసన చూశాడు, ఆకాశం కేసి చూశాడు. ఇంకా ఉందని ఆయన అంటాడనుకున్నాం.

"మార్చేద్దాం వదినా. దీనికోసం కాదు, నీకోసం."

మార్చాడు. ఫిల్టరూ మార్చాడు. మళ్ళీ ఎప్పుడని హిగినియా అడిగితే, కంచె అవతల నిమియా ఒళ్ళో ఉన్న పిల్లవాణ్ణి చూపించాడు. వాడు పాకేటప్పుడు ఒకసారి, నడిచేటప్పుడు ఒకసారి అన్నాడు. ఊళ్ళో ఇంతకంటే స్పష్టమైన నిబంధన ఇంతవరకు ఎవరూ జారీ చెయ్యలేదు.

పిల్లవాడికి రెండో నెలలో హిగినియా ఆ తల్లీబిడ్డల్ని టీకా కోసం పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆసుపత్రి వెనక కొత్త రేకుల షెడ్డులో ఒక అంబులెన్సు నిలబడి ఉంది. హిగినియా బండి లాంటిదే, తళతళా మెరుస్తోంది. అలాంటిదొకటి ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. దాని డ్రైవరు దోన్ అబ్దోన్ మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తూ గర్వంగా వివరాలు చెప్పాడు. వచ్చి రెండేళ్ళయింది. ప్రభుత్వ వాహనం గనక కంపెనీవాళ్ళే ఇక్కడికి వచ్చి ఆరు నెలలకోసారి, ఒక్క రోజు తప్పకుండా ఆయిల్ మార్చిపోతారు. నాలుగు ముద్రలు. తిరిగింది నలభై ఒక్క కిలోమీటర్లు.

మరి మనుషుల్ని ఎప్పుడు ఎక్కిస్తారని హిగినియా అడిగింది.

దోన్ అబ్దోన్ ఆమె చేతుల్లోని పిల్లవాడి బుగ్గ మెల్లగా నొక్కి, చాలా మర్యాదగా చెప్పాడు.

"ఇంకో మూడేళ్ళు ఓపిక పట్టండి న్యా హిగినియా. వారంటీ అయిపోనివ్వండి. ఆ తర్వాత మీ ఊళ్ళో ఎవరికి ఎప్పుడు నొప్పులొచ్చినా వచ్చేస్తాం."