పలక పరాచికం

అవమానాన్ని తప్పు లేకుండా తూచగల సంస్థ చెన్నపట్నం ప్రెసిడెన్సీ మొత్తానికి ఒక్కటే ఉండేది. అది మార్కాపురం బజారులో ఉండేది. పేరు గౌరవ సంరక్షణ సభ. ఎవరు ఎవరిని ఏమన్నా, అది అవమానమా, పరాచికమా అని తేల్చడమే దాని పని. తూకం చాలా సులువు. పైవాళ్ళు మనల్ని అంటే అవమానం, మనం కిందివాళ్ళని అంటే పరాచికం. (ఎవరు పైన, ఎవరు కింద అన్నది చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి నిబంధనల్లో రాయలేదు.)

సభకు కార్యదర్శి మల్లికార్జునరావు. పలకల వ్యాపారి. పలకను చెవి దగ్గర పెట్టుకొని వేలితో కొట్టి, ఖంగున మోగితే నికరమైనదనీ, డొల్లగా మోగితే లోపల బీట ఉందనీ చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు. అంతటి మనిషికే ఆ ఎండాకాలం అవమానం జరిగింది.

బడిపిల్లల పలకలు కొనడానికి పిల్చరు దొర రైలు దిగాడు. మల్లికార్జునరావు ప్లాట్‌ఫారం మీదే గోనె పరిచి, నమూనా పలకలు ఒక్కొక్కటే కొట్టి వినిపించాడు. దొర శ్రద్ధగా విన్నాడు. విన్న తర్వాత తన చేతికర్రతో కార్యదర్శి బట్టతల మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, వచ్చీరాని తెలుగులో, "నల్ల పలక. లోపల డొల్ల" అన్నాడు. పక్కనున్న దొరసాని నవ్వింది. ఆమె నవ్వింది కాబట్టి స్టేషనంతా నవ్వింది.

మల్లికార్జునరావుకు ఆ పూట అన్నం సయించలేదు. తన తలను, అదీ పదిమందిలో! దొర అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి తప్పయిందని చెప్పాలి, అంతకు రవ్వంత తగ్గినా ఒప్పుకునేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. బజారు మూశారు. పైకి తంతి కొట్టారు. పొదిలి వర్తకులు సానుభూతి పంపారు, కురిచేడు వర్తకులు ఆగ్రహం పంపారు. సర్కారు కదిలి గౌరవభంగాల విచారణాధికారి శేషాచలం గారిని పంపింది. ఆయన దిగీ దిగగానే నిబంధన చదివాడు: సాక్షి ఫిర్యాదీ జాతివాడై ఉండకూడదు, దొర జాతివాడూ అయి ఉండకూడదు.

అలాంటి మనిషి తాలూకా మొత్తం మీద ఒక్కడే దొరికాడు. వీపున పట్టుబట్టల మూట మోసుకొని ఊరూరూ తిరిగే చీనావాడు. ఆ రోజు అతను అదే రైలు కోసం స్టేషనులో ఉన్నాడు.

మార్కాపురం అతన్ని ఎరుగును. ఏళ్ళ తరబడి బజారులో అదే అరుగు మీద మూట విప్పుతున్నాడు. తెలుగు మనవాళ్ళలాగే మాట్లాడతాడు. పోయిన చలికాలంలో మల్లికార్జునరావు సరదా పుట్టి, ఒక పలక మీద బలపంతో గుండ్రటి ముఖం గీసి, కళ్ళ చోట రెండు అడ్డగీతలు పెట్టి, నోట్లో పామును వేలాడదీసి, అరుగు పైన మేకుకు తగిలించాడు. పట్టు కొనవచ్చిన ఆడవాళ్ళు పలకను చూసి, అతని ముఖాన్ని చూసి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని పోయేవాళ్ళు. అతను తుడిచేస్తే, ఈసారి తుడిస్తే పోకుండా మేకుతో గీకారు. ఏడుస్తూ సభకు వచ్చాడు. సభ అతని మాటలన్నీ విని, "పలకతో చేసేది పరాచికంరా. మాకిష్టం లేనోడి జోలికి మేమెందుకు పోతాము? నవ్వు" అని తీర్పు చెప్పింది. నవ్వి వెళ్ళాడు.

ఇప్పుడు మల్లికార్జునరావు స్వయంగా ఆ అరుగు దగ్గరికి వెళ్ళాడు.

"నీ పేరేంది నాయనా?"

"లియు అన్నా."

"లియు తమ్ముడూ, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. నాకదే చాలు."

"చెప్తా అన్నా. చూసిందే చెప్తా."

విచారణ రోజు పొద్దున భార్య అనంతలక్ష్మి ఉత్తరీయం అందిస్తూ, "ఆ పలక తీపిచ్చినారా?" అని అడిగింది.

"ఏ పలక?" అన్నాడాయన. నిజంగానే గుర్తు లేదు.

ట్రావెలర్స్ బంగళా వరండాలో దొర పేము కుర్చీలో కూర్చున్నాడు. లియు కర్రను చెప్పాడు, బట్టతలను చెప్పాడు, నల్ల పలకను చెప్పాడు, నవ్వును చెప్పాడు. ఒక్క మాట పొల్లు పోలేదు. సభ్యుల ముఖాలు విచ్చుకున్నాయి.

"అయితే ఇది అవమానమే కదా?" అన్నాడు శేషాచలం గారు.

"కాదు సామీ, పరాచికం. ఈ ఊళ్ళో పలకతో చేసేదంతా ఇష్టంతోనే చేస్తారంట. నేను ఏడ్చినప్పుడు సెక్రెటరీ అన్నే చెప్పినాడు. దొరకు కూడా అన్న అంటే ఇష్టమనుకున్నా."

వీడు అమాయకంగా అంటున్నాడా, కడుపు మండి అంటున్నాడా అని మల్లికార్జునరావు లియు ముఖంలోకి చూశాడు. గీశాడే గానీ ఆ ముఖాన్ని ఆయన ఎన్నడూ చూసి ఉండలేదు. ఏమీ తేలలేదు.

శేషాచలం గారు సంగతంతా రాబట్టి, తాపీగా వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. రెండూ పలక వ్యవహారాలే కాబట్టి తీర్పు కూడా ఒకటే ఉండాలన్నాడు. అవమానమంటే రెండూ అవమానమే. ముందు జరిగిందానికి ముందు క్షమాపణ: సభ లియుకు చెప్పాలి, ఆ వెంటనే దొర కార్యదర్శికి చెబుతాడు. దొర తల ఊపాడు.

సభ వరండా చివర గుమిగూడింది.

"చీనావాడికి తప్పయిందని మనం చెప్పేదా!" అన్నాడు వీరాంజనేయులు అనే సభ్యుడు. "రేపట్నించి బజార్లో తలెత్తుకొని తిరగాల్నా వద్దా?"

మల్లికార్జునరావు తల తడుముకున్నాడు. ఆయనకు కావలసింది నాలుగడుగుల దూరంలో, కుర్చీలో సిద్ధంగా ఉంది. మధ్యలో ఒక్క మాట అడ్డం. లియు మూట పట్టుకొని ఆ మాట కోసమే నిలబడి ఉన్నాడు. ఆయన ఒకసారి నోరు తెరిచాడు కూడా. నాలుక తిరగలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"పరాచికమేనండి" అన్నాడు చివరికి. "రెండూనూ."

కేసు కొట్టేశారు. దొర సంతోషంగా లేచి, పోతూ పోతూ కార్యదర్శి తల మీద కర్రతో మరోసారి టకటకలాడించాడు. తీర్పును గౌరవించి సభ్యులంతా నవ్వారు. అందరికంటే ముందు కార్యదర్శి నవ్వాడు. లియు ఒక్కడే నవ్వలేదు.

ఇష్టంతో చేసిన పరాచికానికి నవ్వకుండా నిలబడటం సభను కించపరచడమేనని ఆ సాయంత్రం ఏకగ్రీవంగా తీర్మానించి, అతని అరుగు ఖాళీ చేయించారు. ఆ మొత్తం వ్యవహారంలో అవమానంగా తేలింది అదొక్కటే.