ట్యాంకులో తిమింగలం

లిఫ్టులు బాగుచేసే మనిషి సముద్రం మీద మనసు పడితే ఇల్లు ఏమవుతుందో చూడాలంటే, ఆ మూడంతస్తుల భవనంలో పై వాటా తలుపు తట్టాలి. ముందు గదిలో సగం ఇల్లాలు రెయిన్‌కోట్లు కుట్టే మిషనుకీ, తక్కిన సగం ఆయన ‘తిమింగలానికీ’ చెల్లిపోయాయి. వచ్చినవాళ్ళకి గుమ్మమే మిగిలింది.

తిమింగలం అంటే కుక్కరంత రోబో. ఓడల అడుగున పట్టిన నాచునీ గుల్లల్నీ నీళ్ళలో మునిగి ఫొటోలు తీయడం దాని పని. మునగడం బాగానే వచ్చు. మునిగిన ప్రతిసారీ కడుపునిండా నీళ్ళు తాగి రావడమే దాని చెడ్డ అలవాటు. పసిపిల్లల జలుబులాగా అదే తగ్గుతుందని ఆయన నమ్మకం. భవనంలో వాళ్ళు ఆయన్ని కెప్టెన్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

ఈలోగా ఓడరేవు వాళ్ళు ఒక ప్రకటన వేశారు. సముద్రానికి పనికొచ్చే కొత్త వ్యాపారం ఏదైనా సరే, తమకు నచ్చిన ఒక్కదానికి రేవులో షెడ్డు ఉచితంగా ఇస్తారట. కెప్టెన్ ఆ కాగితాన్ని భార్య కత్తెర కింద పెట్టాడు, చూడక తప్పదని.

“షెడ్డొస్తే ఈ డబ్బా అక్కడికి పోతుందా?” అంది ఆమె.

“డబ్బా కాదు, తిమింగలం.”

“పోతుందా, పోదా?”

“పోతుంది. నీ గది నీకొస్తుంది.”

“రాకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా. సరేనా?”

రెండేళ్ళ ఆదివారాలు ధారపోసిన యంత్రం. అయినా కెప్టెన్ పౌరుషానికి పోయి, “సరే” అన్నాడు.

ఆ రాత్రే ఫారం నింపి పంపాడు. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. భార్యే విప్పింది. “గురువారం పదకొండింటికి ఇంటికొచ్చి చూస్తారట” అని చెప్పి మడిచి పెట్టేసింది. కెప్టెన్ కాళ్ళు ఇక నేల మీద నిలవలేదు.

గురువారం సెలవు పెట్టాడు. అధికారి వచ్చేలోగా చివరిసారి సరిచూసుకోవాలనిపించింది. సముద్రం దూరం, డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర. తిమింగలాన్ని తువ్వాలులో చుట్టి మెట్లవైపు నడిచాడు.

“ఎక్కడికండీ?”

“ట్యాంకు కడిగొస్తా.”

“పన్నెండేళ్ళ కాపురంలో మీరు గ్లాసు కడగడం చూడలేదు.”

“అందుకే, పెద్దదానితో మొదలుపెడుతున్నా.”

ట్యాంకులో తిమింగలం రెండు చుట్లు హుందాగా తిరిగింది. మూడో చుట్టులో అలవాటు ప్రకారం నీళ్ళు తాగింది, బరువెక్కింది, సోలిపోయి కిందికి నీళ్ళు దిగే గొట్టం నోటికి బోర్లా అతుక్కుపోయింది. కెప్టెన్ తీగ పట్టుకుని లాగాడు. తీగ వచ్చింది. తిమింగలం రాలేదు.

ఐదు నిమిషాలకి మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు డాబా ఎక్కాడు. వెనకాలే ఆయన పేషెంటు, మెడలో తువ్వాలు, బుగ్గల నిండా గులాబీ రంగు మందు.

“కెప్టెన్! కొళాయిలో చుక్క లేదు. ఈయన పుక్కిలించాలయ్యా!”

“ఉఁ! ఉఁ!” అన్నాడు పేషెంటు కళ్ళు ఉరిమి.

“కాసేపు ఉగ్గబట్టుకోమనండి డాక్టరుగారూ, దేశానికి పనికొచ్చే పని జరుగుతోంది.”

సరిగ్గా అప్పుడే ఫైలు పట్టుకుని రేవు అధికారిణి పైకొచ్చింది. కెప్టెన్ తడిచేతులతోనే దండం పెట్టాడు.

“సమయానికొచ్చారు మేడం! యంత్రం ఇప్పుడు లోతుల్లో ఉంది.”

“ఎంత లోతు?”

“నాలుగడుగులు.”

ఆవిడ వెనకాలే భార్య వచ్చింది. మెడ నుంచి మడమ దాకా రెయిన్‌కోటు గుడ్డతో కుట్టుకున్న పసుప్పచ్చ సూటు, చేతి తొడుగులూ బూట్లూ అన్నీ దానికే అతికి ఉన్నాయి. “జరగండి” అని మొగుణ్ణి పక్కకి నెట్టి, నిచ్చెనెక్కి ట్యాంకులోకి దిగిపోయింది. గుడగుడమని శబ్దం వచ్చింది. గొట్టాల్లో నీళ్ళు కదిలాయి. పేషెంటు రెండేసి మెట్లు దూకుతూ పరుగెత్తాడు.

“ఇదిగో మీ బిడ్డ. నీళ్ళు కక్కించండి” అని ఆమె తిమింగలాన్ని కెప్టెన్ చేతుల్లో పడేసింది. “ఇప్పుడు ట్యాంకు నిజంగానే కడగాలి.”

అధికారిణి తిమింగలాన్ని చూడనే లేదు. సూటు జిప్పు కొంచెం తీయించి, లోపలి చొక్కా చెయ్యి తడిమి చూసింది. ఎక్కడా తడి లేదు.

“ఫారంలో రాసినట్టే ఉందమ్మా. మా వాళ్ళు నీళ్ళలో దిగితే వణుక్కుంటూ వస్తారు. షెడ్డు తాళాలు సోమవారం తీసుకోండి.”

“ఏ ఫారం?” అన్నాడు కెప్టెన్.

“కాగితం నా కత్తెర కింద పెట్టింది మీరేగా. చదివాను, నేనూ ఓ ఫారం నింపాను” అంది భార్య.

“మరి నాది?”

“మీదీ చూశానండీ” అంది అధికారిణి. “యంత్రం లోపలికి నీళ్ళొస్తాయా అన్న చోట ‘అప్పుడప్పుడు’ అని రాసి, కొట్టేసి, ‘తరచుగా’ అని రాశారు. మీ నిజాయితీ మా ఆఫీసులో అందరికీ నచ్చింది.”

ఆవిడ వెళ్ళిపోయింది, డాక్టరూ దిగిపోయాడు. కెప్టెన్ తిమింగలాన్ని ఒళ్ళో పెట్టుకుని ట్యాంకు గట్టు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చినంత పనైంది. ప్యాంటు తడుస్తున్నా లేవలేదు.

“పాత సామాన్లవాణ్ణి కేకెయ్యనా?” అంది భార్య.

కెప్టెన్ చెయ్యి చాపి ఆమె సూటు అతుకుని వేలితో తడిమి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఏమోయ్, ఆ అతుకుల్లోంచి నీళ్ళు రాకుండా ఎలా చేశావు?”

“కుట్టు మీద టేపు పెట్టి, వేడి చేసి అంటించా. రెండేళ్ళుగా మీ పక్కన కూర్చునే అంటిస్తున్నా.”

కెప్టెన్ తల దించుకున్నాడు. “దీనికీ ఒక కోటు కుట్టిపెడతావా?”

“సోమవారం నుంచి నా పనంతా షెడ్డులోనే. అక్కడికొచ్చి వరసలో నిలబడండి, చూద్దాం.”

కెప్టెన్ తిమింగలాన్ని చంకనెత్తుకుని లేచాడు.

“ఎన్నింటికి తెరుస్తారు మేడం?” అన్నాడు.