గెలలెత్తే జర్మనీ యంత్రం

ఆ ఉదయం జీవరాజు వేసుకున్న ప్లాను చిన్నదే. రావులపాలెం అరటి మార్కెట్లో, గెలల్ని లారీ మీదకెత్తే తన యంత్రాన్ని వర్తక సంఘం అధ్యక్షుడు వీరబ్రహ్మం గారికి చూపించాలి, ఆయన సరేననాలి. గెలలు మోసి మోసి బావమరిది ఏసుపాదం నడుము పట్టేసి మంచమెక్కాక, మైకుసెట్లు బాగుచేసుకునే జీవరాజు పాత మోటార్లు పోగేసి దాన్ని తయారుచేశాడు. "పదో తరగతి చదువుతో చేసిన యంత్రం కింద నా మనుషుల్ని నిలబెట్టనయ్యా" అని అధ్యక్షుడు అప్పటికే ఓసారి తిప్పి పంపారు.

అందుకని జీవరాజు భార్య సంపూర్ణమ్మ, భర్తకు తెలియకుండా అధ్యక్షుడికి ఫోన్ చేసి, "డిజైను జర్మనీలో చదివినోళ్లదండి" అనేసింది.

అధ్యక్షుడు ఒక్కరే రాలేదు. వ్యాపారులనూ, పూలదండనూ వెంటబెట్టుకొచ్చారు.

"ఇంజనీరు గారేరమ్మా?"

"దార్లో ఉన్నారండి."

జీవరాజు యంత్రం కింద నుంచి తల బయటపెట్టాడు. "ఏ ఇంజనీరే?"

"మీరు నట్లు బిగించుకోండి" అంది సంపూర్ణమ్మ చెమట తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే ఆశాజ్యోతి, రిపేరుకిచ్చిన చర్చి మైకు కోసం జీవరాజును వెతుక్కుంటూ వచ్చింది. ఆమె జర్మనీలో చదివొచ్చిందని ఊరంతటికీ తెలుసు. దండ ఆమె మెడలో పడింది.

"నేను మైకు కోసం వచ్చానండి. నేను చదివింది మురుగునీటి శుద్ధి."

"నీళ్లయినా గెలలయినా పైకెక్కించడమే కదమ్మా" అన్నారు అధ్యక్షుడు. ఆమె ఎంత కాదంటే అంత వినయం అనుకున్నారు. జీవరాజుకు ఒళ్లు మండింది. ఫారిన్ చదువుల వాళ్లకు స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదని అతని గట్టి నమ్మకం.

"మొహమాటపడకమ్మా, నొక్కు" అంటూ వంగి, స్విచ్చు అధ్యక్షుడే నొక్కేశారు. గెల లేచింది. కొక్కేనికి చిక్కుకుని ఆయన నడుముకు బిగించిన కండువా లేచింది. దానితోపాటు ఆయనా లేచారు.

జీవరాజు స్విచ్చు వైపు దూకాడు గానీ వ్యాపారులు అడ్డం. ఆశాజ్యోతి ప్లగ్గు పీకేసింది. గెలా, అధ్యక్షుడూ పక్కపక్కనే గాల్లో ఊగుతూ ఆగారు.

"దింపడమెలాగయ్యా?" అన్నారాయన పైనుంచి.

"ఎక్కించడం వరకే ఆలోచించానండి."

చివరికి లారీ మీది కూలీలు గెలను అందుకున్నట్టే ఆయన్నీ అందుకున్నారు.

"నన్ను మోసిందంటే మాటలా? జర్మనీ పనితనం" అన్నారాయన లారీ మీద కూలబడి.

సంపూర్ణమ్మ ఇక ఆగలేకపోయింది. "జర్మనీ లేదు, ఏమీ లేదండి. మొత్తం ఈయన చేసిందే. అబద్ధం నాది."

జీవరాజు తలొంచుకుని సామాన్లు సర్దుకోబోయాడు. ఆశాజ్యోతి మాత్రం దండతోనే యంత్రం పక్కన గొంతుక్కూర్చుంది. "బరువు భలే ఆపిందండి. ఇక్కడో గేరు లాంటి పళ్ల చక్రం, దాన్ని ఆపే చిన్న కడ్డీ పెడితే దిగుతుంది కూడా. మా కాలేజీలో నీళ్ల గేట్లకి అలాగే ఉండేది."

జీవరాజు "ఎక్కడ?" అంటూ స్క్రూడ్రైవరు అందించాడు. ఆమె సరైన వైపే పట్టుకుంది.

అధ్యక్షుడు లారీ దిగడానికి నిచ్చెన కోసం చూస్తూ అన్నారు. "నా బరువు మా ఇంట్లో కుర్చీలకే తెలుసు. ఆ చక్రం పెట్టి ఇలాంటివి రెండు చెయ్యి జీవరాజూ."

యంత్రాలు వచ్చాక తణుకు వ్యాపారులు చూడ్డానికొచ్చారు. ఇది రావులపాలెం టెక్నాలజీ అనీ, బయటి ఊళ్లలో చదివిన వాళ్లకు ఓ పట్టాన అర్థం కాదనీ అధ్యక్షుడే వాళ్లకు వివరించారు.