సల్వా దాటాక బండారులంక

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. నేను సెలవు మీద ఊరెళ్ళి గుమ్మంలో నిలబడగానే, నా కూతురు మంగ నన్ను చూసి బెదిరిపోయి, మా తోటికోడలు నాగేశ్వరిని "అమ్మా" అని పిలుస్తూ లోపలికి పరిగెత్తుతుందని. నేను కువైట్ విమానం ఎక్కేనాటికి దానివి తప్పటడుగులే. అది పరిగెత్తడం నేను చూడలేదు.

అయితే ఇక్కడ రాయబోయేది పెద్దవాళ్ళ పరుగు గురించి. పెద్దవాళ్ళ పరుగుకి దారి కావాలి, దారికి ఊళ్ళు కావాలి, ఊళ్ళకి మనుషులు కావాలి. అందువల్ల ప్రస్తుతం నేను ఒక ఊరుగా పనిచేస్తున్నాను.

వివరంగా మనవి చేస్తాను. కువైట్‌లో సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటి యజమానిని మేము బాబా అంటాం, ఇల్లాలిని మామా అంటాం. బాబా చాలా మంచివారు. ఆ మంచితనం వల్లనే బాగా ఒళ్ళు చేసి, సోఫాలోంచి లేవడానికి ఇద్దరి సాయం తీసుకుంటూ, ఆ ఇద్దరికీ ఉపాధి కల్పించారు. పోయినేడు వేసవిలో లండన్ వెళ్తే అక్కడి డాక్టరు రోజూ పొద్దున్నే పరిగెత్తమన్నాడు. చదునైన నేల మీద, చిన్న చిన్న ఊళ్ళ మధ్య నుంచి పరిగెత్తాలట. కొండలు ఎక్కకూడదట. ఊళ్ళు చూస్తూ పోతే మనసు ఉల్లాసంగా ఉంటుందట. బాబా తిరిగొచ్చి చూస్తే, సల్వా ఇళ్ళు దాటాక చదును కావలసినంత ఉంది. ఊళ్ళే లేవు.

అప్పుడు కారు డ్రైవరు దొరబాబు అన్నయ్య నోరు జారాడు. ఆయనది అమలాపురం.

"చదునంటే మా కోనసీమేనండి బాబా. కొండన్నది మచ్చుకి కూడా ఉండదు. ఒకూళ్ళో తుమ్మితే పక్కూళ్ళో చిరంజీవ అంటారు" అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు.

"యల్లా, తీసుకురా" అన్నారు బాబా, కారు తెమ్మన్నంత మామూలుగా.

దొరబాబు అన్నయ్య తెచ్చాడు. అల్ రాయ్‌లో కార్ఖానా షెడ్ల మీద పేర్లు రాసే పెయింటరుని పట్టుకుని, అరబ్బీలో రేకు బోర్డులు రాయించి, ఇసకలో వరసగా పాతించాడు. అరబ్బీలో 'ప' లేదు గనక అమలాపురం అమలాబురం అయింది, అంబాజీపేట అంబాజీబేట అయింది. మధ్యలో బండారులంక మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. అది మా ఊరు. ఆ బోర్డు చూసి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. దాన్ని అర్హతగా పరిగణించి, బండారులంకగా నన్నే నియమించారు.

నియామకం ఎందుకంటే, మొదటిరోజు బాబా బోర్డులన్నీ చూసి, "ఊరంటే రేకా? మనుషులేరీ?" అని అడిగారు. అడగవలసిన మాటే. దాంతో బాబా ఇంటి నుంచీ, ఆయన అన్నదమ్ముల ఇళ్ళ నుంచీ బోర్డుకి ఒక పనిమనిషిని కేటాయించారు. పొద్దున్నే చీర కట్టుకుని బోర్డు పక్కన నిలబడాలి. బాబా వస్తుంటే ఊరంతా నవ్వినట్టు నవ్వాలి. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డులో మాత్రం ఇప్పటికీ పనిమనిషి అనే ఉంది. ఊరు అనే ఉద్యోగాన్ని ప్రభుత్వం వారు ఇంకా గుర్తించలేదు.

అంబాజీపేటగా రెడ్డెమ్మను వేశారు. ఆమెది రాయచోటి.

"ఏంమే గంగారత్నం, మా రాయచోటి ఏం పాపం చేసినాది? నేను యాల అంబాజీపేట కావల్ల?" అని మొదటిరోజే నన్ను నిలదీసింది.

"మీ వైపు కొండలుంటాయి కదమ్మా. డాక్టరు కొండలొద్దన్నాడు" అన్నాడు దొరబాబు అన్నయ్య.

"కొండలుంటే నీకేమి? నేను నిలబడేది ఈ ఇసకలోనే గదా!"

అభ్యంతరం వినబడింది, తోసివేయబడింది.

ఊరినయ్యాక నేను మామా దగ్గరికెళ్ళి, పిల్లను చూసి చాలాకాలమైంది, సెలవు ఇప్పించమని అడిగాను. మామా కూడా మంచివారే. "ఊరు సెలవు పెట్టి ఎక్కడికి వెళ్తుంది?" అని సందేహం వెలిబుచ్చి, తరవాత ఒక దారి చూపించారు. బాబా సన్నబడి, వంగి, తన బూట్ల లేసులు తనే కట్టుకున్న రోజున పరుగు ఖలాస్. మర్నాడే నాకు విమానం. ప్రతి పొద్దునా ఆ లేసులు కట్టేది నేనే. అందుచేత నా సెలవు ఎంత దూరంలో ఉందో నా చేతులకే తెలుస్తుంది.

మొదటి వారం బాబా నిజంగానే పరిగెత్తారు. పొట్టకీ లేసుకీ మధ్య కొంచెం సందు కనిపించింది కూడా. అంతలో దొరబాబు అన్నయ్యకి మర్యాద గుర్తొచ్చింది.

"మనూరొచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో పంపుతామేటమ్మా? రేపు మన గురించి ఏమనుకుంటారు?"

అదీ నిజమే. మర్నాడు బండారులంక తరఫున గారెలు పెట్టాను. బాబా తిని, వేళ్ళు చప్పరించి, అంబాజీపేటకి బయల్దేరారు. అక్కడ రెడ్డెమ్మ ఊరికే ఉంటుందా? ఆ మరుసటి రోజు ఓళిగలు, అంటే మన బొబ్బట్లే, చేసింది. నేను పూర్ణం బూరెలు వేశాను. ఆమె నెయ్యి పోసింది. నేను బూరెకి గుంట చేసి అందులో పోశాను. బాబా పళ్ళెం నుంచి పళ్ళేనికి పరిగెత్తసాగారు. తరవాత నడిచారు. తరవాత, తిన్న వెంటనే నడవడం ఆరోగ్యానికి మంచిది కాదని తేలడంతో పరుగు కారులో కొనసాగింది. ప్రతి ఊళ్ళోనూ కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, చెయ్యి బయటికొస్తుంది. పళ్ళెం లోపలికి వెళ్తుంది.

సాయంత్రం దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లాడే చావడిలో, మిత్రులందరి ముందూ బాబా ప్రసంగించారు. "నేను పరిగెత్తాను గనకే ఎడారిలో ఊళ్ళు లేచాయి. మనిషి తలుచుకుంటే కానిదేముంది?" మిత్రులు చప్పట్లు కొట్టి, మర్నాటి నుంచి వాళ్ళూ కార్లలో పరిగెత్తడానికి వచ్చారు. పళ్ళేలు పెరిగాయి.

లేసులు మాత్రం దూరమవుతూ వచ్చాయి.

ఇంతలో ఊరి నుంచి నాగేశ్వరి మాట్లాడి పంపిన క్యాసెట్టు అందింది. వంటింట్లో టేపురికార్డరు చెవికి ఆనించుకుని విన్నాను. మొదట కోడి అరుపు. తరవాత మంగ గొంతు.

"అమ్మా, ఇందులో మాటాడితే ఎవరికి వినపడుద్దే?"

"మీ అమ్మకే."

"అమ్మవి నువ్వు కదా?"

నాగేశ్వరి కంగారుగా నవ్వింది. టేపు ఆగిపోయింది.

మర్నాడు బండారులంకలో మంచినీళ్ళు మాత్రమే ఇవ్వబడ్డాయి. బాబా గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు, చావుకబురు విన్నట్టు అద్దం ఎత్తించుకున్నారు. శుక్రవారం కువైట్ సిటీలో మన గోదావరి వాళ్ళంతా కలిసే చోట నా మీద పంచాయితీ పెట్టారు.

"ఏటమ్మా గంగారత్నం! బండారులంకలో మంచినీళ్ళిచ్చి పొమ్మన్నారంటే మనం తలెత్తుకు తిరగ్గలమా? రాయచోటి మనిషయ్యుండి కూడా అంబాజీపేట పరువు నిలబెట్టిందే ఆవిడ!" అన్నాడు దొరబాబు అన్నయ్య.

"ఆయన సన్నబడితేనే కదా అన్నయ్యా, నేను నా పిల్లను చూసుకునేది?"

ఆయన జాలిగానే ఆలోచించాడు. "పిల్లెక్కడికి పోద్దమ్మా? పరువు పోతే మళ్ళీ రాదు."

అందరూ తలలూపారు. బతిమాలినవాళ్ళూ ఉన్నారు. నా చదువు ఏడో తరగతిలో ఆగింది గనక ఇంటికెళ్ళి పప్పు నానబోశాను. మర్నాడు మళ్ళీ బూరెలు వేశాను. బాబా క్షమించారు.

ఈ యేడు లండన్ డాక్టరు బాబాను చూసి ఆశ్చర్యపోయాడట. ఇంత పరిగెత్తినా ఒళ్ళు తగ్గలేదంటే దారి చాలడం లేదని, ఇంకా పొడిగించమని చెప్పాడు. కాబట్టి మరిన్ని ఊళ్ళు కావలసి వచ్చాయి. వీసాలు వెళ్ళాయి. మొన్న ముక్కామల నుంచి సూరాయమ్మ అనే ఆమె దిగింది. ఆమెను మా కోనసీమ గన్నవరంగా వేశారు. చంటిపిల్ల ఉందంది. ఎక్కడ వదిలి వచ్చావని అడిగితే, ముక్కామలలోనే అంది. ఇలా మన ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఇక్కడికి వచ్చేస్తున్నాయి. అక్కడ మిగిలేవి బోర్డులు.

మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు మా వైపు వచ్చి, కడుపునిండా తిని, మర్యాదంటే మీ వాళ్ళదేనని మెచ్చుకునే ఉంటారు. వండినామె తిందో లేదో అడిగి ఉండరు. ఫరవాలేదు, బాబా కూడా అడగలేదు. ఆ చనువుతో ఒక ఉపకారం కోరుతున్నాను. అసలు బండారులంకకి ఒక్కసారి వెళ్ళిరండి. మగ్గాల చప్పుడు వినిపించే సందులో నాగేశ్వరి గారి ఇల్లెక్కడని అడిగితే చూపిస్తారు. వాకిట్లో ఒక పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. "మంగా, మీ అమ్మేదే?" అని పిలవండి. కొత్త మనిషి కదా, బెదిరి పరిగెత్తుతుంది. దారంతా చదునే, పడదు. ఇంత కథలో నిజంగా పరిగెత్తే మనిషి అదొక్కతే. ఎవరి కొంగు పట్టుకుందో చూసి, నాకు కబురు చెయ్యండి.