నాన్నకు రోజూ సందేశం

“తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదేనా? పెళ్ళైన కాడ్నించి ఇదే రోత!” అని అరిచింది విజయ కుమారి.

“ఆరిపోద్ది లేవే,” అన్నాడు సత్యానందం, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడల కార్ఖానాకు వెళ్ళే తొందర ఆయనది. ఆ ఆదివారం తెలుగు చర్చిలో సంఘ పెద్దను ఎన్నుకుంటారు. భర్త పేరు వినబడాలని విజయ కుమారి మూడేళ్ళుగా ప్రార్థిస్తోంది. ఈ తువ్వాలు గొడవకు సంబరపడింది కూతురు రేబెకా ఒక్కతే. కాలేజీలో మనస్తత్వశాస్త్రం మొదటి సంవత్సరం. ఇంట్లో ఒకరి అలవాటును బహుమానంతో మార్చి, రాసి చూపించమని అక్కడ పని ఇచ్చారు.

మర్నాటి నుంచి తువ్వాలు తాడెక్కితే చాలు, తండ్రి నోట్లో ఒక సందేశ్ పడేది. అది బెంగాలీల పాలవిరుగుడు మిఠాయి. నాలుగో రోజున సత్యానందం స్నానం చేయకముందే తువ్వాలు ఆరేశాడు.

బెంగాలీ మాట చివర సున్నా తగిలిస్తే తెలుగైపోతుందని రేబెకా నమ్మకం. చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి మార్తమ్మ గుమ్మంలో ఎదురై, “ఏటమ్మా విశేషాలు?” అని అడిగింది.

“రోజూ పొద్దున్న నాన్నకి సందేశం ఇస్తన్నాను ఆంటీ. చెడ్డ అలవాటు మానేసినాడు!”

చర్చిలో సందేశమంటే దైవవాక్య ప్రసంగం. మార్తమ్మ కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికి ఆ చెడ్డ అలవాటు తాగుడు అయింది. మర్నాటికి పేకాట కూడా చేరింది. శనివారం పాస్టరుగారే ఫోన్ చేశారు.

“సిస్టర్, ఇన్నేళ్ళూ ఒక్కరే ఎలా భరించారమ్మా? రేపు బ్రదర్ తన మార్పు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి.”

విజయ కుమారి కూతుర్ని ఆరా తీసి నెత్తి కొట్టుకుంది. “అయిపోనాది! తాగుబోతుని ఎవులు పెద్దని చేస్తారే?” సంగతి చెబుదామని తిరిగి చేస్తే పాస్టరుగారు ఎత్తలేదు. ఉపవాస ప్రార్థనలో ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆదివారం సత్యానందం చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. “నాను మందు ముట్టనేదు. తడి తువ్వాలు మంచం మీద పడేసీవోణ్ణి. పిల్ల మిఠాయెట్టి మానిపించింది.”

విజయ కుమారి తల దించుకుంది. అంతలో మార్తమ్మ గొంతు ఖంగుమంది. “ఇరవయ్యేళ్ళయినా మా ఆయన ఆ తువ్వాలు అలవాటు మానలేదు. ఈయనే పెద్దవ్వాల!”

ఆడవాళ్ళ చేతులన్నీ లేచాయి. భార్యల ముఖాలు చూశాక మగవాళ్ళవీ లేచాయి.

మధ్యాహ్నం కోడికూర వడ్డిస్తూ విజయ కుమారి తీర్పు చెప్పింది. “రేబెకా, నీ తెలుగు బాగుపడాల. రేపట్నించి రోజూ తెలుగు బైబిలు ఒక పేజీ పైకి చదవాల. చదివేకే అన్నం.”

“మరి బహుమానం ఏటమ్మా?”

“అన్నమే.”

కాలేజీలో శిక్ష గురించిన పాఠం వచ్చే నెల గానీ లేదు.