లోషన్ సీసకు పాలాభిషేకం

"పసిపిల్లల ఒంటికి రాసే లోషన్ సీస మీద, దాంట్ల ఏం కలిపిన్రో రాసిన జాగల మీ మొఖం అంటిస్తరా? సిగ్గుండాలె!"

సిద్దిపేటల జిల్లా పరిషత్ చైర్మన్ ఆఫీసు ముంగట చిన్నకోడూరు యాదలక్ష్మి నిలబడి అరిచింది. చంకల నాలుగు నెలల బిడ్డ సాహితి, చేతుల లోషన్ సీస. సర్కారు పంచిన లోషన్ రాసిన కాడికెల్లి బిడ్డ ఒళ్లంత ఎర్రగ పొక్కింది. దవాఖానల డాక్టరమ్మ "అది బంద్ చెయ్యి, దాంట్ల ఏమున్నదో చూసి రా" అని తోలింది.

చైర్మన్ శైలేందర్ మహానుభావుడు. కోపానికి రాలే. నెల కింద మైకుల చెప్పింది ఆయనే గదా: "జిల్లాల పుట్టిన ప్రతి బిడ్డ చర్మానికి నాదే పూచీ!" ఆ మాటకు కట్టుబడి ప్రతి సీస మీద తన నవ్వుమొఖం స్టిక్కర్ ఏపిచ్చిండు. సీస చిన్నది, నవ్వు పెద్దది. రాతలన్ని నవ్వు కిందికి పోయినయ్.

"దాంట్ల ఏమున్నదంటవా చెల్లే? నా ప్రేమ ఉన్నది."

"ప్రేమ రాస్తె పొక్కులు లేస్తయా సారూ?"

పీఏ నరహరి అడ్డమొచ్చిండు. "అక్కా, లోషన్ మంచిదే. నీ బిడ్డ చర్మమే సహకరిస్తలేదు."

యాదలక్ష్మి గోరుతోని స్టిక్కర్ గీకవోయింది.

"ఆగు! సార్ ముక్కు చిరిగితె కేసైతది!"

ఈ దుష్ప్రచారానికి చైర్మన్ గట్టి జవాబే ఇచ్చిండు. తెల్లారి చౌరస్తాల సీసకు పాలాభిషేకం. పీటేసిన్రు, బొట్టువెట్టిన్రు, దండేసిన్రు, బిందెలకొద్ది పాలు గుమ్మరిచ్చిన్రు. "సార్ జిందాబాద్!"

స్టిక్కర్ నానింది. నవ్వు ముందుగాల ముడతలు వడ్డది, తర్వాత మెల్లగ జారి పాలల్ల తేలింది. కింది అక్షరాలు బయటవడ్డయ్. యాదలక్ష్మి వంగి అందరికి ఇనవడేటట్టు చదివింది:

"మూడేండ్లలోపు పిల్లలకు వాడరాదు."

జిందాబాద్ ఆగింది. చైర్మన్ మాత్రం గడబిడ కాలే. నాయకుడంటె గట్లుండాలె, లోపం ఏడున్నదో చటుక్కున పట్టిండు.

"నరహరీ, ఇగనుంచి నీళ్లకు ఊడని స్టిక్కర్ కొట్టియ్యి."

"యెస్ సార్!"

యాదలక్ష్మి జిందాబాద్ కొట్టే మైకు గుంజుకున్నది.

"స్టిక్కర్ గిక్కర్ తర్వాత! పంచినోళ్లే ఇయ్యాల పొద్దూకకముందు ఇంటింటికి పోయి సీసలు వాపస్ తేవాలె. పొక్కిన పిల్లలందరికి సర్కారే వైద్యం చేయించాలె. ఏం కలిపిన్రో పరీక్ష చేయించి ఊరూర చెప్పాలె. ఏం తమ్మీ నరహరీ, ఇంకా నిలవడ్డవు? బండి తియ్యి!"